నేర్చుకునేవాళ్ల కోసం కట్టిన బాణీలు

1932 జూన్‌లో ఒక రోజు పొద్దున్నే, ఉత్తర జర్మనీలోని ప్లోన్ అనే చిన్న ఊళ్లో కోట బురుజు మీద నుంచి ఇత్తడి బూరాల పాట వినిపించింది. ఆ కోటలో అప్పట్లో ప్రభుత్వ వసతి పాఠశాల ఉండేది. భోజనాల వేళ మరో సంగీతం, ఆ తర్వాత బడి అంతా కలిసి పాడే కాంటాటా, రాత్రికి కచేరీ. లేచింది మొదలు పడుకునే దాకా ఆ రోజు కోసమే కొత్తగా తయారైన ఆ సంగీతాన్నంతా ఒక్క మనిషే రాశాడు. ఆయన పాల్ హిండెమిత్. అప్పటికి వయసు 36. బెర్లిన్‌లో ఆచార్యుడు, వయోలా విద్వాంసుడిగా యూరప్ అంతా పేరున్నవాడు. బడి సంగీతం మేష్టారు ఎడ్గర్ రాబ్ష్ పిలిస్తే కాదనకుండా, పిల్లలూ ఉపాధ్యాయులూ వాయించగలిగేలా రాసి ఇచ్చాడు. రాత్రి కచేరీ కోసం రాసిన వాటిలో మూడు రికార్డర్ల కోసం ఒక చిన్న ట్రియో ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ఒక పెద్ద స్వరకర్త రికార్డర్ కోసం రాసిన తొలి రచనల్లో అది ఒకటి.

ఇక్కడ రికార్డర్ అంటే నిలువుగా పట్టుకుని, కొస నోట్లో పెట్టుకుని ఊదే కొయ్య వాయిద్యం. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. మన వేణువులో గాలిని సరిగ్గా రంధ్రం అంచు మీద పడేలా ఊదడం చేతకావడానికే చాలా రోజులు పడుతుంది. రికార్డర్‌లో ఆ పని కొయ్యలో తొలిచిన సన్నటి గాడి చేసిపెడుతుంది. ఊదితే చాలు, మొదటి రోజే ఏదో ఒక స్వరం పలుకుతుంది. నేను తెనాలిలో వేణువు నేర్చుకుని, పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లోని సర్రేకి వచ్చినదాన్ని. ఇక్కడ బడిపిల్లలకి రికార్డర్ నేర్పుతాను. వారానికో సాయంత్రం పెద్దవాళ్ల ఔత్సాహిక బృందంలో, పిల్లల రికార్డర్ కంటే కాస్త పెద్దదైన ఆల్టో వాయిస్తాను. రెండు చోట్లకీ కావలసిన చిన్న చిన్న బాణీలు రాస్తుంటాను. ఆ పని చేస్తున్నకొద్దీ, నాకు ముందు ఇలా రాసినవాళ్లెవరు, ఎవరి కోసం రాశారు అన్నది తెలుసుకోవాలనే ఆసక్తి పెరిగింది.

మొదటి రోజే పలికే వాయిద్యమే గాని, రాసేవాళ్లకి ఇది పెట్టే షరతులు తక్కువేం కాదు. గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, మెల్లగా ఊదితే దిగిపోతుంది. కాబట్టి గొంతు పెంచి తగ్గించి భావం చెప్పే దారి చాలావరకు మూసుకుపోయినట్టే. కింది స్వరాలు మెత్తన, పై స్వరాలు పదును. అసలు పాటని కింది స్వరాల్లో పెట్టి పైన మరో రెండు రికార్డర్లు మోగిస్తే ఆ పాట ఎవరి చెవినా పడదు. పై స్థాయికి వెళ్లాలంటే బొటనవేలిని కాస్త మడిచి, వెనక రంధ్రంలో గోరంత సందు వదలాలి. ఎనిమిదేళ్ల పిల్లకి అది ఒక పట్టాన లొంగదు. చిన్న చేతుల చిటికెనవేలు అడుగు రంధ్రం దాకా అందదు. అందుకే పిల్లల చిన్న రికార్డరైన సొప్రానో మీద ఎడమచేతి వేళ్లతో పలికే బి, ఏ, జి స్వరాలతోనే చాలామంది పాఠం మొదలవుతుంది. మూడు స్వరాలతో పాట కట్టమంటే చేయి తిరిగిన స్వరకర్త కూడా ఆగి ఆలోచించాల్సిందే.

ఆ ఆలోచన చేసినవాళ్లలో నాకు అందరికంటే ముందు గుర్తొచ్చేది ఉట్రెక్ట్ నగరంలో గంటలు మోగించిన యాకొబ్ వాన్ ఐక్. పుట్టు గుడ్డి. పదిహేడో శతాబ్దపు హాలండ్‌లో గంటల శ్రుతిని ఆయనంత నిశితంగా విన్నవాడు లేడు. గంటలు పోతపోసే హెమోని సోదరులు శ్రుతి కుదిరిన గంటలు తయారు చెయ్యగలిగింది ఆయన సాయంతోనే. 1649లో యాన్స్ చర్చివాళ్లు ఆయన జీతాన్ని 80 గిల్డర్ల నుంచి 100కి పెంచారు. దానికొక షరతు ఉంది. సాయంత్రాలు చర్చి ఆవరణలో షికారుకొచ్చే జనానికి అప్పుడప్పుడు తన చిన్న పిల్లనగ్రోవి వినిపించాలి. ఆయన చెబుతుంటే రాసుకున్న బాణీలు దాదాపు 150 ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. జనం నోట ఆడే పాటలు, చర్చి కీర్తనలు, నాట్యపు వరసలు తీసుకుని, ఒక్కొక్క దాన్నీ ముందు మామూలుగా వినిపించి, తర్వాత అదే పాటని రెట్టించిన స్వరాలతో, ఆపైన మళ్లీ రెట్టించి అల్లుతాడు. సరళీ వరసల్ని మూడు కాలాల్లో సాధన చేసినవాళ్లకి ఇది వెంటనే బోధపడుతుంది. నేర్చుకునేవాడు మొదటి అల్లిక దగ్గర ఆగిపోయినా పాట పూర్తయినట్టే ఉంటుంది, చేయి తిరిగినవాడు చివరి దాకా వెళ్తాడు. ఒకే పేజీ ఇద్దరికీ పనికొస్తుంది. 370 ఏళ్లు దాటాయి, నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకి ఇప్పటికీ ఆ పుస్తకమే తెరుస్తాను.

హాంబర్గ్‌లో స్వరకర్త టెలిమన్ దారి వేరు. 1728లో ఆయన రెండు వారాలకోసారి వచ్చే సంగీత పత్రిక పెట్టాడు. వార్తలకి బదులు అందులో స్వరాలుంటాయి. నాలుగు పేజీల్లో ఒక సొనాటాలో సగం వేసి, మిగతాది వచ్చే సంచికలో ఇచ్చేవాడు. చందాదారు ఆ సగం నేర్చుకుని తర్వాతి కాగితం కోసం ఎదురుచూడాలి. తన ప్రచురణలకి లోహపు పలకల మీద స్వరాలు తనే చెక్కుకునేవాడు. ఇవాళ రికార్డర్ పట్టుకున్న ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు వాయించే ఎఫ్ మేజర్ సొనాటా ఆ పత్రికలోదే. ఇళ్లలో వాయించుకునే వర్తకులు, గుమాస్తాలు కొంటేనే ఆ పత్రిక నడుస్తుంది. అందుకని స్థాయి దిగిందా అంటే లేదు. చేతికి సుఖంగా ఉంటుంది, చెవికి తెలివిగా ఉంటుంది. ఈ రెండూ ఒకచోట కుదరడం ఎంత కష్టమో రాయడానికి కూర్చుంటే గాని తెలియదు.

ఆ తర్వాత కచేరీ మందిరాలు పెద్దవయ్యాయి, వాద్యబృందాలు పెరిగాయి, అడ్డంగా పట్టుకునే ఫ్లూటు ముందుకొచ్చింది. రికార్డర్ దాదాపు నూట యాభై ఏళ్లు మ్యూజియం అద్దాల వెనక పడుకుంది.

దాన్ని మళ్లీ లేపిన ఇల్లు మా జిల్లాలోనే ఉంది. ఆర్నల్డ్ డోల్మెచ్ ఫ్రాన్స్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో స్థిరపడి, పాత వాయిద్యాలు బాగుచేస్తూ, కొత్తవి చేస్తూ బతికినవాడు. 1905లో వేలంలో రెండు పౌన్లకి బ్రెసన్ అనే పాత పనివాడు చేసిన రికార్డర్ కొన్నాడు. 1919లో కచేరీ నుంచి తిరిగొస్తుంటే ఆయన కొడుకు కార్ల్, అప్పటికి ఏడేళ్ల పిల్లవాడు, లండన్ వాటర్లూ స్టేషన్‌లో ఆ వాయిద్యమున్న సంచీని ప్లాట్‌ఫారం మీద మరిచిపోయాడు. వెళ్లి చూస్తే లేదు. ఆర్నల్డ్ దగ్గర ఆ వాయిద్యం కొలతలు మాత్రం ఉన్నాయి. వాటితో కొత్తది చెయ్యడానికి కూర్చున్నాడు. చాలా ప్రయత్నాల మీద కుదిరింది. అప్పటి నుంచి హేజల్‌మియర్‌లోని ఆ కర్మశాలలో రికార్డర్లు తయారవుతూ వచ్చాయి. 1925లో అక్కడ పాత సంగీతపు ఉత్సవం మొదలైంది. సంచీ మరిచిపోయిన ఆ పిల్లవాడే పెద్దయ్యాక ఆ కాలంలో రికార్డర్‌కి అందరికంటే పేరున్న విద్వాంసుడయ్యాడు.

ఆ ఇరవైలలోనే ఇంగ్లండ్‌లో డోల్మెచ్‌లు వాయించడం విన్న పేటర్ హార్లన్ అనే జర్మన్ వాయిద్యాల వర్తకుడు తన దేశంలో చవక రికార్డర్లు చేయించడం మొదలుపెట్టాడు. పాత రికార్డర్ మీద నాలుగో స్వరానికి వేళ్లు ఒకటి విడిచి ఒకటి మూయాలి. పిల్లలకి అది కష్టమని, ఆ స్వరం వరసగా వేళ్లు లేపితే వచ్చేలా రంధ్రాలు మార్చించాడు. దాంతో ఆ ఒక్క స్వరం తేలికైంది గాని, దాని పక్క అర్ధస్వరం చెడింది, సి మేజర్ దాటి వెళ్లబోతే వేళ్లు చిక్కుపడ్డాయి. ఇప్పటికీ జర్మన్ వేళ్లమరిక అనే పేరుతో ఆ రకం అమ్ముతున్నారు. నేర్చుకునేవాళ్లకి మేలు చేద్దామనుకుని, వాళ్లు మొదటి పుస్తకం దాటి ముందుకు పోరని ముందే తీర్మానించిన పని అది. నా దగ్గరకి ఎవరైనా అలాంటి వాయిద్యం తెస్తే మార్చి తెచ్చుకోమని చెప్తాను.

అదే సమయంలో మ్యూనిక్‌లో జరిగింది ఇందుకు పూర్తిగా భిన్నం. 1924లో డొరొతేయా గున్తర్, స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ కలిసి నాట్యమూ సంగీతమూ కలిపి నేర్పే బడి పెట్టారు. అక్కడ విద్యార్థినిగా చేరి, అక్కడే గురువైన గునిల్డ్ కేట్మన్ చేతికి ఒక రోజు రికార్డర్ల పెట్టె వచ్చింది. వాటిని తెప్పించుకోమని సలహా ఇచ్చింది వాయిద్యాల చరిత్రకారుడు కుర్ట్ జాక్స్. ఏ రంధ్రం మూస్తే ఏ స్వరమో చెప్పే కాగితం ఆ పెట్టెలో లేదు. కేట్మన్ తనే ఊది ఊది కనిపెట్టుకుంది. జైలోఫోన్ వంటి మెట్ల వాయిద్యాలు, డోళ్లు, గంటలతో కలిసి మోగేలా రికార్డర్లకి చిన్న చిన్న బాణీలు రాసింది. కింద ఒకే రెండు స్వరాలు ఆగకుండా తిరుగుతుంటాయి. పైన అయిదు స్వరాల పాట నడుస్తుంది. శ్రుతిపెట్టె పక్కన పెరిగిన నాకు ఆ బాణీలు కొత్తగా అనిపించలేదు. ఓర్ఫ్ పేరు లోకమంతా తెలుసు. ఇద్దరూ కలిసి 1950 నుంచి 1954 దాకా తెచ్చిన అయిదు సంపుటాల పిల్లల సంగీతంలో కేట్మన్ చెయ్యి ఎంత ఉందో అంతగా ఆమె పేరు వినపడదు. రికార్డర్ వరసల దగ్గర నేను మొదట తలుచుకోవలసింది ఆవిడనే.

ప్లోన్ సంగతి ఇంకా ఉంది. ఆ రోజు గడిచిన పది నెలలకి, 1933 ఏప్రిల్‌లో, అదే బడిని నాజీ ప్రభుత్వం తన రాజకీయ శిక్షణ పాఠశాలగా మార్చేసింది. దేశంలో అలా మార్చిన మొదటి మూడు బడుల్లో అది ఒకటి. 1936కి హిండెమిత్ సంగీతం వాయించడమే నిషిద్ధమైంది. 1938లో ఆయన దేశం విడిచిపోయాడు. ఆ ట్రియో రాసింది ఏ, డి శ్రుతుల రికార్డర్లకి. అప్పటి జర్మనీలో అవే వాడుకలో ఉండేవి. తర్వాత సి, ఎఫ్ శ్రుతులే స్థిరపడ్డాయి కనక ప్రచురణకర్తలు దాన్ని సవరించి వేశారు. పిల్లల బడికి రాసిన దాంట్లో, ఒకే పాటని వాయిద్యాలు ఒకదాని వెనక ఒకటి ఎత్తుకునే ఫ్యూగ్ పద్ధతి పెట్టాడా మనిషి. మా బృందంలో దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు దారి తప్పుతారు, మళ్లీ మొదటికి వస్తాం.

హిండెమిత్ దగ్గర బెర్లిన్‌లో చదువుకున్న ఇంగ్లీషు కుర్రాడు వాల్టర్ లీ. ఔత్సాహికుల కోసం రాయడం తక్కువ పని కాదన్న పట్టుదల గురువు నుంచే వచ్చి ఉంటుందని నా నమ్మకం. లండన్‌లో అప్పటికి రంగం సిద్ధమవుతోంది. 1935లో ఎడ్గర్ హంట్ ట్రినిటీ సంగీత కళాశాలలో రికార్డర్ తరగతి మొదలుపెట్టాడు. 1937లో ఔత్సాహికులకి రికార్డర్ వాద్యకారుల సంఘం ఏర్పడింది. పాత పుస్తకాలు సరిపోవు, ఇవాళ్టి స్వరకర్తలు దీనికి రాయాలని మాన్యుయల్ జేకబ్స్ అనే యువకుడు ఒక్కొక్కరి వెంట పడి అడిగాడు. అలా వచ్చినవే లెనాక్స్ బర్క్లీ సొనటీనా, వాల్టర్ లీ సొనటీనా. రెండూ 1939 నాటివే. మూడేళ్లకి, 1942లో, లిబియా ఎడారి యుద్ధంలో లీ చనిపోయాడు. ఇంకా 37 నిండలేదు. ఆయన సొనటీనాలో నెమ్మదిగా సాగే మధ్యభాగం చూడండి, ఊపిరి ఎక్కడ పీల్చాలో ప్రత్యేకించి గుర్తు పెట్టక్కర్లేదు. పాటే చెప్తుంది.

నాజీల జర్మనీ వదిలి 1939లో లండన్ చేరిన వాల్టర్ బెర్గ్‌మన్ చదివింది న్యాయశాస్త్రం. ఇక్కడ షాట్ ప్రచురణ సంస్థలో చేరి, హంట్‌తో కలిసి రికార్డర్ పుస్తకాలకి పెద్ద పీట వేయించాడు. ఇదే తరహాలో ఫ్రైబర్గ్ నుంచి తప్పించుకున్న ఎరిక్ కాట్జ్ 1943లో న్యూయార్క్ చేరి అక్కడి ఔత్సాహిక సంఘాన్ని నిలబెట్టాడు. యుద్ధం ముగిశాక బేకలైట్ రికార్డర్లు, ఆపైన ప్లాస్టిక్‌వీ వచ్చాయి. బడుల్లోకి వేలకి వేలు చేరాయి. జపాన్‌లో మూడో తరగతి పిల్లల సంచుల్లోకి కూడా చేరాయి. వాయిద్యాలు చేరినంత వేగంగా మంచి బాణీలు చేరలేదు.

వెదురు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇరవైలలో మార్గరెట్ జేమ్స్ అనే ఇంగ్లీషు పంతులమ్మ, బడిపిల్లల చేత వెదురు పిల్లనగ్రోవులు వాళ్ల చేతులతోనే చేయించి వాయింపించింది. ఎవరు చేసుకున్నది వాళ్లే వాయించాలన్నది ఆ సంఘం నియమం. వాళ్ల కోసం వాన్ విలియమ్స్ 1939లో నాలుగు గ్రోవుల వరస రాశాడు. పారిస్‌లో పూలెంక్, మియో, రూసెల్ వంటివాళ్లు రాశారు. సింఫనీలు రాసే చేతులు పిల్లలు తొలిచిన వెదురుకి రాయడానికి వెనకాడలేదు.

ఇక బెంజమిన్ బ్రిటెన్. ఈయన దగ్గర కాసేపు ఆగాలి. 1952లో ఆల్డ్‌బరో అనే సముద్రతీరపు ఊళ్లో గాయకుడు పీటర్ పియర్స్‌తో కలిసి ఊరివాళ్ల సంగీత సంఘం పెట్టాడు. సాయంత్రాలు ఇంట్లో కూడుకుని పాడుకునేవాళ్లు, వాయించుకునేవాళ్లు. అప్పటికి ప్రపంచమంతా తెలిసిన ఆ స్వరకర్త రికార్డర్ పట్టుకుని ఆ ఊరివాళ్ల మధ్య కూర్చునేవాడు. 1955 ఫిబ్రవరిలో స్నేహితులతో స్విట్జర్లండ్‌లోని జెర్మాట్‌కి మంచు మీద జారే ఆటకి వెళ్లారు. చిత్రకారిణి మేరీ పాటర్‌కి మొదట్లోనే కాలికి దెబ్బ తగిలింది. ఆవిడ గదిలో కదలకుండా ఉండాలి. ఆవిడకీ పియర్స్‌కీ తనకీ వాయించుకోవడానికి బ్రిటెన్ అక్కడికక్కడే రెండు సొప్రానోలకీ ఒక ఆల్టోకీ ఆరు చిన్న భాగాలున్న ఆల్పైన్ సూట్ రాశాడు. ఊరు చేరడం, స్విస్ గడియారం, కొత్తగా నేర్చుకునేవాళ్ల జారుడు వాలు, కొండల దృశ్యం, వేగంగా కిందికి జారిపోవడం, వీడ్కోలు. గడియారం భాగం పిల్లలకి ఇస్తే లయ తప్పరు, గడియారం తప్పకూడదని వాళ్లకే తెలుస్తుంది.

మూడేళ్లకి, 1958 జూన్‌లో, ఆర్ఫర్డ్ చర్చిలో ఆయన నోవా ఓడ కథని ఊరి పిల్లలతో ఆడించాడు. అందులో వృత్తి వాద్యకారులు కొద్దిమందే, మిగతా అంతా పిల్లలు. మూడో వయొలిన్ల వరస చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. వేలు పెట్టడం ఇంకా రానివాళ్లు ఖాళీ తంతుల మీద వాయిస్తే సరిపోతుంది, అయినా వాళ్లు లేకపోతే ఆ చోట సంగీతం బోలుగా ఉంటుంది. వాన చినుకులకి తాడుకి కట్టిన కప్పుల్ని చెక్క గరిటెతో కొట్టించాడు. ఆ ఉపాయం ఆయన సహాయకురాలు ఇమోజెన్ హోల్స్ట్ ఇచ్చింది. ఓడ నుంచి ఎగిరే పావురం ఆల్టో రికార్డర్. నాలుకని రెపరెపలాడిస్తూ ఊదితే రెక్కల చప్పుడవుతుంది. వాయిద్యానికి గొంతు చిన్నదైతే ఏం, పావురానికి సరిపోయింది.

అరవైలలో రికార్డర్ దారి రెండుగా చీలింది. ఫ్రాన్స్ బ్రూగన్ అనే డచ్ విద్వాంసుడి కోసం లూచానో బెరియో 1966లో రాసిన జెస్తీలో వేళ్లది ఒక దారి, నోటిది ఒక దారి. అది గొప్ప రచనే. వాయిద్యానికి పెద్దల లోకంలో గౌరవం తెచ్చింది. కాని ఆ తర్వాత పేరున్న స్వరకర్తలు చాలామంది ఆ ఒక్క దారినే పోయారు. ఔత్సాహికుల పుస్తకాలు నింపే పని బడి పంతుళ్లకీ బృందాల్లో వాయించేవాళ్లకీ మిగిలింది. వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ చీలిక నాకు కష్టంగానే ఉంటుంది. టెలిమన్ కాలంలో ఈ రెండు పనులూ చేసింది ఒకే చెయ్యి.

మన సంప్రదాయంలో ఈ పనికి ఎప్పుడూ మర్యాద ఉంది. సరళీ వరసలూ అలంకారాలూ పురందరదాసు ఏర్పరిచాడని చెప్పుకుంటాం, ఆయన్ని పితామహుడంటాం. పద్దెనిమిదో శతాబ్దపు పైడాల గురుమూర్తిశాస్త్రికి వేయి గీతాలు కట్టినవాడని పేరు. గీతమంటే పిల్లలు నేర్చుకునేదే. సంగతులుండవు, కాలం మారదు, అయినా రాగం రూపం మొత్తం అందులో కనిపిస్తుంది. ఆ పని చేసినందుకే ఆయన పేరు నిలిచింది.

ఇక్కడ తెలుగు పిల్లలకి ఆదివారం బడిలో నేర్పేటప్పుడు నాకొక సదుపాయం దొరికింది. సొప్రానో మీద జి స్వరాన్ని షడ్జమం చేసుకుంటే, పిల్లలు మొదట నేర్చుకునే జి, ఏ, బి మూడూ మోహనంలో స, రి, గ అవుతాయి. పంచమానికి కావలసిన పై డి ఒక్క మధ్యవేలితో పలుకుతుంది, నెల తిరిగేసరికి వచ్చేస్తుంది. ధైవతానికి మాత్రం బొటనవేలు మడిచి పలికించే పై ‘ఇ’ (E) కావాలి, అది ఆలస్యంగా వస్తుంది. అందుకే ముందు నాలుగు స్వరాల బాణీలు ఇస్తాను, ధైవతం వచ్చే చోట పెద్ద పిల్లలకి వేరే వరస రాస్తాను. గమకాలు లేవు కనక దాన్ని మోహన రాగమని ఎవరికీ చెప్పను, మోహన స్వరాల పాట అంటాను. రంధ్రం మీద వేలు కొద్దికొద్దిగా దొర్లించి గాంధారాన్ని ఊపడం చేతనైన పిల్లకి విడిగా కూర్చోబెట్టి నేర్పుతాను.

ఈ వేసవికి పెద్దవాళ్ల బృందంతో కలిపి వాయించడానికి అదే స్వరాలతో నాలుగు వరసల పాట రాస్తున్నాను. మా బృందంలో కింది స్వరాల పెద్ద రికార్డర్ బాస్ వాయించే పెద్దాయనకి కుడిచేతి వేళ్లు సరిగా వంగవు. ఎఫ్ బాస్ మీద డి, పై జి రెండూ ఎడమచేతితోనే పలుకుతాయి కనక ఆధార శ్రుతి అంతా ఆ రెండిటి మీదే నడిపాను. చిత్తుప్రతి చూసి, తనకీ కొంచెం పాట కావాలన్నారాయన. రెండో పేజీలో ఎనిమిది అక్షరాల పాటు పాటని బాస్‌కి ఇచ్చాను, అదీ ఎడమచేతి స్వరాల్లోనే. ఆ ఎనిమిది అక్షరాలూ పై మూడు వరసలకి విరామం రాశాను, లేకపోతే బాస్ వినపడదు.